గడ్డి మొలవని చోటు

ఆయన్ను మా పేటలో అందరూ పలుకుల మేస్త్రి అంటారు. మాటకారి అని కాదు. ఆయన నోట్లో నాలుక ఉందో లేదో కూడా చాలామందికి తెలియదు. మొజాయిక్ గచ్చులో కలిపే రాతి పలుకులతోనే నలభై ఏళ్ళు బతికాడు కాబట్టి ఆ పేరు వచ్చింది. పాత ఇళ్ళ నేలలు చాలావరకు ఆయన చేతి పనే. ఎవరైనా ఎదురైతే ముందు ముఖం గుర్తురాదు ఆయనకు, వాళ్ళింటి నేల గుర్తొస్తుంది. "తెల్లమీద నల్ల పలుకులు, వంటింటికి ఎర్ర అంచు... నువ్వు ఆ ఇంటి రెండోవాడివి కదూ?" అంటాడు. అన్నీ సరిగ్గానే చెబుతాడు, పేరొక్కటే చెప్పలేడు.

తర్వాత నున్నటి టైల్స్ వచ్చాయి. ఒక్క పూటలో అతికించి వెళ్ళిపోయే పని. పలుకులు కడిగి, రంగు కలిపి, పరిచి, రోజుల తరబడి తడిపి, మూడు దఫాలుగా అరగదీసే పనికి ఎవరికి ఓపిక? మేస్త్రి పాలిషింగ్ మిషన్ మీద పాత దుప్పటి కప్పి మెట్ల కిందికి తోసేశాడు. సైకిళ్ళు బాగుచేసే దుకాణం పైన రెండు గదులు వాళ్ళవి. ఆయనా, భార్యా. ఆవిడా ఆ పనిలోనిదే. పలుకులు కడిగింది ఆవిడే, సిమెంటులో రంగు కలిపిందీ ఆవిడే. "రంగు నాది, పేరు ఆయనది," అని ఇప్పటికీ నవ్వుతుంది.

పని ఆగిపోయాక మేస్త్రికి ఒక అలవాటు పడింది. మధ్యాహ్నం అన్నం తిని, కిటికీ పక్కన మంచం మీద వెల్లకిలా పడుకుని కళ్ళు మూసుకుంటాడు. అది నిద్రా కాదు, మెలకువా కాదు. తాను వేసిన నేలల మీద ఒక్కొక్కదాని మీదా నడిచి వస్తుంటాడు. వరండాలోంచి హాల్లోకి, హాల్లోంచి మెట్ల కిందికి. కాళ్ళకు ఆ చల్లదనం తగులుతుందట. కొన్ని ఇళ్ళు ఎప్పుడో పడగొట్టేశారు, అయినా ఆయన వెళుతూనే ఉంటాడు. "ఎక్కడిదాకా వెళ్ళావు?" అని భార్య అడుగుతుంది, ఊరినుంచి వచ్చినవాణ్ణి అడిగినట్టు. "మేడమెట్లాయన ఇంటిదాకా," అంటాడు ఆయన కళ్ళు తెరవకుండానే.

పార్కు సంగతి అలాంటి ఒక మధ్యాహ్నమే వాళ్ళింటికి వచ్చింది. తెచ్చినవాడు ఆవిడ తమ్ముడు. తపాలా ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు, పెళ్ళీ పెటాకులూ లేవు. మీటింగు అంటే చెవికోసుకుంటాడు.

"బావా, లే. అభిప్రాయం రాయాలి," అని మూడు చీటీలు మంచం మీద పరిచాడు.

పాత కాన్పుల ఆసుపత్రి ఉండేది మా పేట నడిబొడ్డున. కట్టడం పాతబడిందని పడగొట్టి, మట్టి పోసి చదును చేసి వదిలేశారు. కొన్నేళ్ళు ఊరికే పడి ఉంది. ఇప్పుడు పార్కు అయింది. చెట్లు నాటారు, కంచె వేశారు. మధ్యలో ఏదైనా కళాఖండం పెడతారట. ఏం పెట్టాలో పేటవాళ్ళే చెప్పాలని అధికారులు ఇంటింటికీ చీటీలు పంచారు. నాకూ ఒకటి వచ్చింది. నేను నీళ్ళు చిమ్మే ఫౌంటెన్ అని రాశాను. ఎందుకు రాశానో నాకే తెలియదు, పార్కంటే అదే గుర్తొచ్చింది.

మేస్త్రి భార్య "కూర్చుంటే నడుం పట్టెయ్యని బెంచీ" అని రాయించింది.

"అక్కా, అది కళ కాదే," అన్నాడు తమ్ముడు.

"నా నడుం సంగతి నీకేం తెలుసురా? రాయి."

తన చీటీలో అతను గడియారం స్తంభం అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకున్నాడు. బావ చీటీ మాత్రం ఖాళీగా ఉండిపోయింది.

"ఏదో ఒకటి చెప్పు బావా. సింహమా, ఏనుగా?"

"నాకు పైకి లేచేవి తెలియవురా. కింద ఉండేవే తెలుసు," అన్నాడాయన చివరికి, మళ్ళీ కళ్ళు మూసుకుంటూ.

ఆదివారం పొద్దున బడి హాల్లో మీటింగు. నేనూ వెళ్ళాను. శిల్పాలు చేసే అమ్మాయి ఒకామె వచ్చింది, ముప్పై ఏళ్ళుంటాయేమో. చెక్కపెట్టెలోంచి ఒక నమూనా తీసి బల్లమీద పెట్టింది. ఉక్కుతో చేసే పక్షి. రెక్కలు సగం విప్పింది, ఎగరబోతోందో, వాలిందో చెప్పలేనట్టుగా ఉంది. నిజంగా బాగుంది. అసలుది రెండంతస్తుల ఎత్తు ఉంటుందని చెప్పింది.

ఇక మొదలైంది. రెక్కల కింద పిల్లలు ఆడితే తల పగులుతుందని ఒకరు. ఎండకు ఉక్కు కాలుతుందని ఒకరు. ఇంత పెద్ద పక్షి ఉంటే చిన్న పక్షులు రావని ఇంకొకరు. తపాలా బావమరిది లేచి గడియారం గురించి పావుగంట మాట్లాడాడు. పార్కు అధికారి తల పట్టుకున్నాడు. ఈ గోలలో తోటమాలి వెనకనుంచి చెయ్యెత్తాడు.

"ఏదో ఒకటి పెట్టెయ్యండి సార్, ఆ మధ్యలో. అక్కడ గడ్డి మొలవట్లేదు. నాలుగుసార్లు వేశాను. చుట్టూ ఏపుగా వస్తోంది, అక్కడ మాత్రం వారానికే ఎండిపోతోంది. ఏ బొమ్మైనా సరే, నాకు ఆ మేర తప్పితే చాలు."

అందరూ నవ్వారు. మేస్త్రి నవ్వలేదు. ఆయన కుర్చీలో ముందుకు జరిగి, "ఎంత మేర?" అని అడిగాడు. సభలో ఆయన గొంతు వినడం చాలామందికి అదే మొదటిసారి.

"అరవై అడుగులు పొడుగు, పాతిక వెడల్పు ఉంటుందండీ. గీత గీసినట్టు నాలుగు పక్కలా."

"అరవై, ఇరవై నాలుగు," అన్నాడు మేస్త్రి మెల్లగా. "అక్కడ గడ్డి ఎట్లా మొలుస్తుంది బాబూ? కింద నేల ఉంది."

"ఎక్కడైనా కింద నేలే కదండీ ఉండేది!" అన్నారెవరో. మళ్ళీ నవ్వులు.

"ఆ నేల కాదు. నేను వేసిన నేల."

ఆయన నిలబడి చెప్పాడు. అంత పొడుగ్గా మాట్లాడటం భార్య కూడా ఎప్పుడూ చూడలేదట.

అప్పుడాయనకు ఇరవై నాలుగేళ్ళు. ఆసుపత్రి హాలుకు గచ్చు వెయ్యాలి. అక్కడి పెద్ద డాక్టరమ్మ పిలిచి ఒక మాట అడిగింది. "నొప్పులు మొదలైన ఆడవాళ్ళను ఈ హాల్లోనే నడిపిస్తాం. వాళ్ళు అస్తమానం గోడ గడియారం వంకే చూస్తున్నారు. చూసేకొద్దీ ముల్లు కదలదు, భయం పెరుగుతుంది. వాళ్ళ చూపు నేలమీదికి దించే ఉపాయం ఏదైనా చెయ్యగలవా?" మూడు రోజులు ఆలోచించినా ఏమీ తోచలేదు. నాలుగో రోజు బావి తాడు ఒకటి తడిసి బరువుగా ఉంటే విసుగ్గా నేలమీద పడేశాడు. అది వంకర్లు తిరిగి పడింది. ఆ వంకర్ల వెంబడే సుద్దముక్కతో గీసుకుంటూ వెళ్ళాడు. తెల్లటి నేలమీద జానెడు వెడల్పున ఆకుపచ్చ గీత. గుమ్మం దగ్గర మొదలై, మెలికలు తిరుగుతూ హాలంతా చుట్టి, మళ్ళీ గుమ్మం దగ్గరికే వచ్చేది. ఒక రంగు ఇంకో రంగులో కలవకుండా మధ్యలో నిలబెట్టే గాజుపట్టీ వంగదు కనక, వేలెడేసి ముక్కలు కోసి పక్కపక్కన నిలబెట్టి ఆ వంపులు తిప్పాడు. ఆకుపచ్చ పలుకులు కడిగింది కొత్తగా పెళ్ళై వచ్చిన భార్య.

"పడగొట్టినప్పుడు గోడలే పడగొట్టారు. నేల తవ్విన గుర్తు నాకు లేదు. మట్టి పోశారంతే," అని కూర్చున్నాడు.

ముందు వరసలో లెక్కల టీచరమ్మ ఉంది. మాలో సగంమందికి ఎక్కాలు నేర్పిన మనిషి. ఆమె వెనక్కి తిరిగింది.

"ఆ పచ్చగీత మీరు వేసిందా? దానిమీద నేను అరవై రెండు చుట్లు తిరిగాను. అరవై మూడో చుట్టు సగంలో పురిటి గదిలోకి తీసుకెళ్ళారు. ఆ సగం ఇప్పటికీ మిగిలే ఉంది నాకు."

"నేను ఏడుస్తూ తిరిగాను," అంది రొట్టెల దుకాణం ఆవిడ. "రెండో మలుపు దగ్గర మా అత్త చెయ్యి గట్టిగా కొరికాను. పాపం, ఆవిడ కిక్కురుమనలేదు."

"నేను చెప్పులు విప్పేసి నడిచాను. చల్లగా ఉండేది."

"మా పెద్దది పుట్టినప్పుడు నడిచాను. రెండోదానికి అంత వ్యవధి ఎక్కడిచ్చిందీ!"

ఒకరి తర్వాత ఒకరు. ముసలివాళ్ళూ, నడివయసు వాళ్ళూ. ఒకరి మాట అయ్యేదాకా ఇంకొకరు ఆగుతున్నారు. అంతకుముందు గోల చేసిన మగవాళ్ళం అందరం నోరు మూసుకుని విన్నాం. నేనూ ఆ ఆసుపత్రిలోనే పుట్టాను. మా అమ్మ ఆ గీతమీద ఎన్ని చుట్లు తిరిగిందో నేను ఎప్పుడూ అడగలేదు. కిటికీలోంచి ఎండ నెమ్మదిగా హాలు నేలమీద జరుగుతోంది. ఆ వెలుతురులో వాళ్ళ మాటలు వింటుంటే, అందరూ లేచి వరసగా నడుస్తున్నట్టే అనిపించింది నాకు.

శిల్పి అమ్మాయి పక్షిని తీసి చెక్కపెట్టెలో పెట్టేసి మూత వేసింది. ముఖం చిన్నబోయింది. రెండు నెలల కష్టం మరి. కానీ మర్నాడు పొద్దున అందరికంటే ముందు పార్కులో ఉన్నది ఆమే, పలుగు పట్టుకుని.

తోటమాలి జానెడు లోతు తవ్వాడో లేదో పార ఠంగుమంది. మట్టి ఎత్తిపోసి, గొట్టంతో నీళ్ళు కొట్టారు. బురద కరిగి పోయేకొద్దీ ముందు తెలుపు వచ్చింది, తర్వాత దానిలోంచి పచ్చదనం తేలింది. చూసినవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు.

ఆ సంతోషం సాయంత్రానికి చల్లారింది. మొత్తం తవ్వాక తెలిసింది, సగానికి పైగా పాడైపోయింది. గోడలు కూలినచోట నేల నుజ్జయింది. అడ్డంగా నీటి గొట్టం కోసం కాలువ తవ్వేశారు. గీత మూడు చోట్ల తెగిపోయింది. మేస్త్రి అంచున నిలబడి ఒకసారి చూసి, ఎవరికీ చెప్పకుండా ఇంటికి వచ్చేశాడు.

"పూడ్చెయ్యమను," అన్నాడు భార్యతో. "చూడకూడనిది చూపించారు నాకు. కళ్ళు మూసుకుంటే బాగానే ఉండేది అది."

నాలుగు రోజులు గదిలోంచి కదల్లేదు. మధ్యాహ్నాలు మంచమెక్కినా ఎక్కడికీ వెళ్ళలేకపోయాడట. కళ్ళు మూసుకుంటే ఆ పగుళ్ళే. అయిదో రోజు బావమరిది రొప్పుతూ మెట్లెక్కి వచ్చాడు.

"బావా, అక్క పార్కులో కూర్చుంది. బకెట్టూ, బ్రష్షూ పట్టుకెళ్ళింది. నువ్వొచ్చేదాకా లేవదట."

వెళ్ళి చూస్తే ఆవిడ మోకాళ్ళమీద ఉంది, కొంగు నడుముకు బిగించి. అడుగున్నర మేర గీతను రుద్ది రుద్ది అద్దంలా చేసింది. పక్కన శిల్పి అమ్మాయి నీళ్ళు పోస్తోంది.

"చూడు," అంది భార్య. "గాజుముక్క ఒక్కటి కూడా కదల్లేదు. అప్పుడు నువ్వేం పట్టుపట్టావో గుర్తుందా? మట్టం చూడాలి, మళ్ళీ చూడాలి అని నా ప్రాణం తోడేశావు. ఆ పట్టు ఎక్కడికి పోయిందయ్యా?"

మేస్త్రి వంగి వేలితో తడిమాడు. తర్వాత తనూ మోకాళ్ళమీద కూర్చున్నాడు. ఆ మోకాళ్ళు వంగి మూడేళ్ళయింది.

బాగుచెయ్యాలంటే ఆ ఆకుపచ్చ రాయి కావాలి. ఏ దుకాణంలోనూ లేదు. రాయి తీసిన గని ఎప్పుడో మూతపడింది. అయినా చూద్దామని శిల్పి అమ్మాయి తన వ్యాన్‌లో ఆయన్ను తీసుకెళ్ళింది. రెండు గంటల ప్రయాణం. గనిలో నీళ్ళు నిండి ఉన్నాయి. నాలుగు పక్కలా నిలువుగా కోసిన బండలు, మధ్యలో కదలని నీళ్ళు. ఎంత ఆకుపచ్చగా ఉన్నాయంటే, నీళ్ళ అడుగున రాయి ఎక్కడ మొదలైందో, పైన నీడ ఎక్కడ ఆగిందో తెలియలేదు. ఒక మబ్బు ఆ నీళ్ళలో ఈ ఒడ్డునుంచి ఆ ఒడ్డుకు దాటేదాకా ఇద్దరూ చూస్తూ నిలబడ్డారు.

"మొత్తం ఇక్కడే ఉంది మేస్త్రిగారూ," అంది ఆమె.

"ఉంది. కాని మనకు చెయ్యి అందదమ్మాయ్," అన్నాడాయన. ఆ మాట చెప్పినప్పుడు ఆయన నవ్వాడని ఆమె నాతో అంది.

తిరిగి వచ్చేటప్పుడు ఆమె ఒక సూచన చేసింది. "ఉన్న పచ్చ ఉన్నట్టే ఉంచుదాం. లేనిచోట వేరే రంగు వేద్దాం. అతుకు అతుకులాగే కనిపించనిద్దాం."

"అతుకు కనిపిస్తే మేస్త్రి పరువేం కావాలి?"

"పోనీ, పేటవాళ్ళనే అడుగుదాం."

మళ్ళీ చీటీలు వచ్చాయి. ఈసారి ఒకటే ప్రశ్న, తెగిన చోట ఏ రంగు వెయ్యాలని. నేను నలుపు రాశాను. మా అమ్మను అడిగి రాశాను, నలుపు ఆవిడ మాట. ఎర్ర ఇటుక రంగని కొందరు, పసుపని కొందరు. ఎక్కువమంది మాత్రం గంధం రంగు అన్నారు. "ఆ రంగు రెండు రోజుల్లో మాసిపోతుంది, వీళ్ళకేం తెలుసు," అని మేస్త్రి సణిగాడు. సణుగుతూనే ఆ రంగు పలుకులకు చెప్పి పంపాడు.

పని ఆరు వారాలు పట్టింది. మెట్ల కిందనుంచి మిషన్ బయటికి వచ్చింది. స్విచ్ వేస్తే ఒక్క మూలుగు మూలిగి పొగ కక్కింది. కింద సైకిళ్ళ దుకాణం అతను దాని మోటారు విప్పి, తిట్టుకుంటూ, రెండు రోజుల్లో బతికించాడు. టైల్స్ వేసే కుర్రాళ్ళు ఇద్దరు పనికొచ్చారు. మేస్త్రి చేతిలో తాపీ వణికేది. పరిచేటప్పుడు మాత్రం ఎందుకో ఆగిపోయేది ఆ వణుకు. భార్య పలుకులు కడిగి, రంగు కలిపి, అరచేతిలో వేసుకుని ఎండకు చూపించి, "ఇంకాస్త," అనేది. శిల్పి అమ్మాయి అరగదీయడం నేర్చుకుంది. ఒళ్ళంతా తెల్లటి బురదతో ఇంటికి వెళ్ళేది.

ఆమె సొంతంగా చేసింది ఒక్కటే. హాలు గోడలు ఉండిన చోట చుట్టూరా రాతి బెంచీ. ఎత్తు ఎంత ఉండాలో కొలవడానికి మేస్త్రి భార్యను కూర్చోబెట్టి, లేపి, మళ్ళీ కూర్చోబెట్టింది.

"ఇంకో రెండు వేళ్ళు పెంచు తల్లీ. కడుపుతో ఉన్నవాళ్ళు కూర్చుంటారు, లేవాలి కదా."

బావమరిది మరోసారి గడియారం మాట ఎత్తబోయాడు. ఆడవాళ్ళంతా ఒక్కసారిగా అతని వైపు చూశారు. అతను దగ్గి, మాట మార్చాడు.

తెరిచిన రోజున అధికారి మాట్లాడాడు, బావమరిది అంతకంటే ఎక్కువసేపు మాట్లాడాడు. లెక్కల టీచరమ్మ మాత్రం మాటలేవీ వినకుండా, చేతికర్ర మనవరాలికిచ్చి, చెప్పులు విప్పి, తన మిగిలిపోయిన సగం చుట్టు నడిచింది. ఎక్కడ ఆగిపోయిందో అక్కణ్ణుంచే మొదలుపెట్టిందట. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అందరం ఆమె పాదాల వంకే చూశాం. మేస్త్రి అంచున నిలబడి మూడో అతుకు దగ్గర రంగు సరిగ్గా కలవలేదని భార్యతో గొణుగుతున్నాడు. ఇప్పటికీ అది ఆయనకు నచ్చలేదు. అడిగితే అందరికీ చూపిస్తాడు.

ఫౌంటెన్ లేదని నాకేమీ బాధ లేదు. పక్షి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనేవాళ్ళున్నారు. ఆ మాటా నిజమే, అది మంచి పక్షి. పిల్లలు చక్రాల బూట్లతో గీతమీద దూసుకుపోతుంటే తోటమాలి కేకలేస్తాడు. కాలు విరిగి కట్టు విప్పించుకున్నవాళ్ళు అక్కడే నడక నేర్చుకుంటున్నారు.

మేస్త్రి రోజూ పొద్దున్నే వెళతాడు. మొన్నొకరోజు నేనూ ఆయన పక్కన బెంచీమీద ఉన్నాను. పొగమంచు ఇంకా విడలేదు. చెట్లు సగమే కనిపిస్తున్నాయి. నిండు నెలల మనిషి ఒకామె, వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని మెల్లగా వచ్చింది. గీత దాకా వచ్చి ఆగింది.

"తాతా, ఎటునుంచి మొదలుపెట్టాలి?"

"ఎటునుంచైనా ఫరవాలేదు తల్లీ," అన్నాడాయన. "కాస్త ఆగు."

లేచి వెళ్ళాడు. మంచుకు తడిసిన ఆకులు రెండు మూడు గీతమీద అంటుకుని ఉన్నాయి. వంగి ఒక్కొక్కటే ఏరి జేబులో వేసుకున్నాడు. తడిగా ఉన్నచోట తువ్వాలుతో తుడిచాడు. తర్వాత పక్కకు జరిగి నిలబడ్డాడు. ఆమె తల్లి చెయ్యి వదిలి, నేల వంక చూస్తూ నడవడం మొదలుపెట్టింది.